పదిహేడో సమావేశంలో మొదటి అంశం

పంతొమ్మిదేళ్లు మినిట్స్ రాశాను. సమావేశంలో ఎవరేం మాట్లాడారో రాయడమేగా, అందులో ఏముంది అనేవాళ్లు చాలామంది ఉన్నారు. పద్నాలుగు మంది ఇంజనీర్లు ఒకేసారి మాట్లాడుతుంటే వాళ్లను ఒక్కపూట కూర్చుని రాయమనండి, తల ప్రాణం తోకకొస్తుంది. నేను రాసినదాంట్లో తప్పుందని పంతొమ్మిదేళ్లలో ఒక్కరూ అనలేదు. చివరికి ఆ మాట నేనే అనాల్సి వచ్చింది.

మా సంఘం పని మోడెంలకు ప్రమాణాలు రాయడం. మోడెం అంటే కంప్యూటర్‌ని టెలిఫోను లైనుకి కలిపే పెట్టె. రెండు మోడెంలు ఒకదానికొకటి ఫోను చేసుకుని, కాసేపు కీచుమని ఈలలు వేసుకుని, ఏ వేగంతో మాట్లాడుకోవాలో ఒక ఒప్పందానికి వస్తాయి. అన్ని కంపెనీల పెట్టెలకూ ఈ ఈలల పద్ధతి ఒక్కటే అయితేనే ఒకరి పెట్టె ఇంకొకరి పెట్టెతో మాట్లాడుతుంది. ఆ పద్ధతిని కాగితం మీద పెట్టి, ఇదిగో, ఎవరైనా చేసుకోండి, ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు అని బయటపెడతాం. దాన్నే ఓపెన్ స్టాండర్డ్ అంటారు.

దీనికి ఒకటే చిక్కు. అందరూ ఆ పద్ధతితో మోడెంలు చేయడం మొదలుపెట్టాక ఎవరో ఒకరు తీరిగ్గా వచ్చి, ఇందులో ఫలానా ముక్క నాది, పేటెంటు ఉంది, పెట్టెకి ఇంత చొప్పున కట్టండి అంటే అందరి కొంపా మునుగుతుంది. అందుకని మా నిబంధనల్లో ఒకటి పెట్టారు. ప్రతి సమావేశంలోనూ మొదటి అంశంగా అధ్యక్షుడు ఒక కాగితం చదవాలి. "మనం చర్చిస్తున్నవాటి మీద మీకు గానీ మీ కంపెనీకి గానీ పేటెంటు ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పండి." ఆ ప్రశ్న విని కూడా నోరు మెదపనివాడికి తర్వాత డబ్బు అడిగే హక్కు పోతుంది. విననివాడికి పోదు. ఆ ఆఖరి ముక్క రాసిన మహానుభావుడెవరో గానీ కనిపిస్తే నాలుగు దులిపేదాన్ని.

ఈ మోడెం ప్రమాణం కోసం మూడేళ్లలో ముప్పై ఒక్క సమావేశాలు జరిగాయి. వాటికి పెద్ద కంపెనీ తరఫున ఒకాయన వచ్చేవాడు. మేమంతా ఆయన్ని పొగాయన అనేవాళ్లం. అధ్యక్షుడు కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం తీయగానే ఈయన జేబులో సిగరెట్టు పెట్టె తడుముకుంటూ లేచేవాడు. మర్యాదస్థుడు, తలుపు చప్పుడు కాకుండా వేసేవాడు. రెండో అంశం మొదలయ్యే వేళకి మళ్లీ వచ్చి కూర్చునేవాడు. పాపం అలవాటు, ఏం చేస్తాడు అనుకున్నాను. నా అంత తెలివితక్కువది ఇంకొకతి ఉండదు.

నాకూ ఒక అలవాటుంది. ఎప్పుడో ఒక ఓటింగు అయ్యాక ఒకాయన "ఆ టైములో నేను గదిలోనే లేను" అని గొడవ చేశాడు. అప్పటినుంచీ చిత్తు పుస్తకం అంచున ఎవరు ఎన్నింటికి బయటికి వెళ్లారో, ఎన్నింటికి వచ్చారో రాసుకుంటాను. ఎవరూ అడగలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. మా ఇంట్లో వాళ్లయితే దీన్ని జబ్బు అంటారు.

ప్రమాణం బయటికొచ్చింది. దాన్ని నమ్ముకుని మోడెంలు మొదలుపెట్టినవాళ్లలో మా బావ ఒకడు. బావ అంటే మా అక్క మొగుడు. టైర్ల దుకాణం పైన రెండు గదుల్లో వర్క్‌షాపు, పదకొండు మంది మనుషులు. బావ బోర్డులు గీస్తాడు, అక్క ఆఖరి పరీక్ష చేస్తుంది. పెట్టె తయారయ్యాక ఫోను రిసీవరు చెవికి పెట్టుకుని ఈలలు వింటుంది. మీటర్లలో ముల్లు కదలకముందే "ఇది కుదరలేదు, విప్పండి" అంటుంది. ఆ చెవి తప్పడం నేను చూడలేదు. ఇల్లు తాకట్టు పెట్టి మొదలుపెట్టిన వ్యాపారం, ఇద్దరూ పండగా పబ్బం లేకుండా పని చేశారు.

పెట్టెలు బజారులోకి వెళ్లిన ఏడో నెలలో పెద్ద కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. రెండు మోడెంలు మాట్లాడుకుంటూ ఉండగా లైను పాడైతే, ఫోను పెట్టేయకుండానే వేగం తగ్గించుకుని మళ్లీ కుదురుకునే పద్ధతి ఒకటి ప్రమాణంలో ఉంది. అది మా పేటెంటు, మొదటి పెట్టె నుంచీ లెక్కగట్టి కట్టండి అని ఉత్తరం. కట్టాలంటే వర్క్‌షాపు అమ్ముకోవాలి. కట్టకపోతే మూసుకోవాలి. బావ ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి, దాన్ని కాలు ఊగుతున్న బల్ల కింద పెట్టాడు.

వ్యవహారం మధ్యవర్తి దగ్గరికి వెళ్లింది. పొగాయన అఫిడవిట్, అంటే ప్రమాణపత్రం, ఇచ్చాడు. ఆ ప్రశ్న తాను ఏనాడూ వినలేదనీ, అసలు అలాంటి ప్రశ్న ఒకటి ఉంటుందని కూడా తనకు తెలియదనీ రాసి సంతకం పెట్టాడు. అప్పుడు వెలిగింది నాకు, ఆ సిగరెట్ల సంగతి. ఒళ్లు మండిపోయింది. కానీ ఏం చేస్తాం, నిబంధన ప్రకారం విననివాడి హక్కు పోదు.

ఒకరోజు మధ్యాహ్నం అక్క మా ఆఫీసుకి వచ్చింది. నా బల్ల ముందున్న కుర్చీలో కూర్చుని, వెనకా ముందూ చూసి గొంతు తగ్గించింది.

"ఒక్క వాక్యం రాయవే. ఏదో ఒక రోజు వాడు గదిలోనే ఉన్నాడని."

"ఏమిటక్కా ఆ మాట?"

"ముప్పై ఒక్క రోజుల్లో ఒక్క రోజు. ఎవడు చూడొచ్చాడు?"

"నేను చూశానుగా. లేని మాట నా చేత్తో రాయను. పంతొమ్మిదేళ్లలో ఒక్క అక్షరం మార్చలేదు. రేపు ఎవరొచ్చి పుస్తకం తెరిచినా నేను తల దించుకునే పని ఉండకూడదు."

ఇంకా చాలా అన్నాను. నిజం గురించి, బాధ్యత గురించి. ఆ ఉపన్యాసం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అక్క అంతా విని లేచింది.

"పదకొండు మంది ఇళ్లలో పొయ్యి ఆరిపోతే నీ పుస్తకం తెరిచి చూపించు వాళ్లకి," అనేసి వెళ్లిపోయింది.

ఆ మాట గుచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే చిత్తు పుస్తకాలన్నీ దించి ముందేసుకున్నాను. అంచుల్లో నా రాతలు. పొగాయన బయటికి, పదీ నాలుగు. లోపలికి, పదీ తొమ్మిది. ప్రతి సమావేశానికీ అదే తంతు. పదిహేడో సమావేశం దగ్గర అంచు ఖాళీగా ఉంది. బయటికి లేదు, లోపలికి లేదు.

గుర్తొచ్చింది. ఆ రోజు టీ తెచ్చినతను తలుపు లాగి వేసేసరికి పిడి ఊడి అతని చేతికి వచ్చింది. లోపలున్న పదిహేను మందిమీ ఇరుక్కుపోయాం. బయటినుంచి వడ్రంగి వచ్చి తీసేసరికి ముప్పావుగంట పట్టింది. పొగాయన సిగరెట్టు పెట్టె పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్లి, తిరిగొచ్చి కూర్చున్నాడు. గబగబా ఆ రోజు మినిట్స్ తీశాను. టైపు చేసిన కాపీ, అందరి సంతకాలూ ఉన్నాయి, పొగాయన సంతకంతో సహా. మొదటి అంశం: పేటెంట్ల ప్రశ్న చదవడమైనది. ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఉన్నపళంగా అక్కకి ఫోను చేశాను. "దొరికాడు!" అని అరిచాను. ఆఫీసులో అందరూ తల తిప్పి చూశారు. ఫోనులో అక్క ఏడుస్తోంది, వెనకాల బావ ఎవరినో కేకేసి చెబుతున్నాడు. ఆ పూట నాకంటే గొప్పవాళ్లు ఎవరూ లేరనుకున్నాను.

మధ్యాహ్నం బావ పెట్టుకున్న లాయరుకి పంపడానికి చిత్తు పుస్తకం కూడా సర్దుతూ, ఊరికే, పదిహేడో సమావేశం పేజీ పైనుంచి చదివాను. పేజీ రెండో అంశంతో మొదలైంది.

వెనక పేజీ చూశాను. ముందు పేజీ చూశాను. మొదటి అంశం ఎక్కడా లేదు. అప్పుడు మిగతాదీ గుర్తొచ్చింది, దిగాల్సిన స్టేషను దాటిపోయాక గుర్తొచ్చినట్టు. ఆ రోజు అధ్యక్షుడికి గొంతు పోయింది. కాగితం నా చేతికిచ్చి చదవమని సైగ చేశాడు. అవతల వడ్రంగి తలుపు మీద సుత్తితో బాదుతున్నాడు. నాకు తలనొప్పి. ఎన్ని సమావేశాలుగా అడుగుతున్నాం, ఏనాడైనా ఎవరైనా నోరు విప్పారా అని విసుగేసి, కాగితం పక్కన పెట్టి, "రెండో అంశం" అన్నాను. మర్నాడు మినిట్స్ టైపు చేసేటప్పుడు ఎప్పటిలాగే అంతకుముందు సమావేశం కాపీ ముందు పెట్టుకుని తేదీ మార్చి కొట్టాను. మొదటి అంశం అలాగే దిగిపోయింది. ఎవరూ ఏమీ చెప్పలేదన్న వాక్యం నిజమే. దాని ముందున్నదే అబద్ధం.

వర్క్‌షాపుకి వెళ్లాను. మెట్ల మీదే నవ్వులు వినిపించాయి. అక్క ఎదురొచ్చి నా చేతులు పట్టుకుంది. లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపేసి చెప్పాను. బావ చేతిలో సోల్డరింగు గన్ను పొగ కక్కుతూనే ఉంది.

అక్క మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"అయితే ఏమిటిప్పుడు? నువ్వు రాసింది ఉంది. అందరూ సంతకాలు పెట్టారు. వాడూ పెట్టాడు. నిన్ను దిద్దమని ఎవరూ అడగట్లేదు కదా."

"అడగని ప్రశ్న అడిగానని రాశానక్కా."

"మొన్న రాయమంటే రాయనన్నావు. ఇప్పుడు రాసింది తప్పంటున్నావు. నీతో వేగడం మా వల్ల కాదు తల్లీ! అలా ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వవే. అంతకంటే ఏమీ అడగను."

"నన్ను అడిగితే?"

"అడిగితే మినిట్స్‌లో ఉన్నదే చెప్పు. అబద్ధం ఎప్పుడో ఆడేశావుగా, కొత్తగా ఆడేదేముంది!"

బావ గన్నుని స్టాండులో పెట్టాడు. "పోనీలే, అడిగినప్పుడు చూద్దాం మరదలా," అన్నాడు. ఆయన మొహం చూడలేక మెట్లు దిగి వచ్చేశాను. విచారణకి వారం ఉంది. ఆ వారమంతా ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, లేదని చెప్పను. కానీ అక్క మొహమే ఎక్కువ కనిపించేది.

విచారణ ఒక బ్యాంకు పైన అద్దెకు తీసుకున్న గదిలో జరిగింది. పొడవాటి బల్ల, చివర మధ్యవర్తి. రిటైరైన జడ్జిగారు, అరవై దాటిన ఆవిడ. ముందు మూడు పెన్సిళ్లు పెట్టుకుని బ్లేడుతో ఒక్కొక్కటే చెక్కుకుంటోంది. ఒక పక్క పెద్ద కంపెనీ లాయరు, పొగాయన. ఇంకో పక్క బావ, అక్క, మా లాయరు. నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. మా లాయరు చిత్తు పుస్తకం అంచులు చూపించాడు, తలుపు పిడి కథ చెప్పించాడు, మినిట్స్ మధ్యవర్తి ముందు పెట్టి కూర్చున్నాడు. ప్రశ్న అడిగారా అని నన్ను అడగనేలేదు. కాగితమే చెబుతోందిగా.

అవతలి లాయరు లేచాడు. ఆయనకీ పెద్ద ఆశ ఉన్నట్టు లేదు.

"మీరు చాలా జాగ్రత్తగా రాస్తారని పేరట కదండీ."

"అవునండీ."

"ఈ పదిహేడో సమావేశం మినిట్స్‌లో ఉన్న ప్రతి అక్షరం నిజమేనంటారు."

అప్పటికే ఆయన తర్వాతి కాగితం తిప్పుతున్నాడు. ఊ అంటే చాలు. నేను అక్క వైపు చూశాను. అక్క తల కొద్దిగా పక్కకి వాల్చి, కళ్లు మూసుకుని వింటోంది, రిసీవరు పెట్టుకున్నప్పుడు వినేలాగే.

"ఒక వాక్యం తప్పండీ," అన్నాను.

కాగితం తిప్పడం ఆగింది. చెప్పేశాను. గొంతు పోయిన అధ్యక్షుడు, సుత్తి, తలనొప్పి, ముందు కాపీ చూసి కొట్టడం, అన్నీ. ఆ రోజు ప్రశ్న ఎవరూ అడగలేదు, అడిగానని రాసింది నేను, తప్పు నాది అన్నాను. మా లాయరు రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. అక్క లేచి బయటికి వెళ్లిపోయింది. అలవాటు చొప్పున గడియారం చూశాను, పదకొండూ ఇరవై రెండు.

మధ్యవర్తి పెన్సిలు చెక్కడం ఆపి పొగాయన వైపు తిరిగింది.

"ఏమండీ, ఈవిడ చెప్పేది నిజమేనా? ఆ రోజు అడగలేదా?"

పొగాయన మొహం చూడాలి మీరు. బరువు దిగిన మనిషిలా అయిపోయాడు.

"నిజమండీ! నూటికి నూరుపాళ్లు నిజం. అడగలేదు. కాగితం ఈవిడ చేతిలోనే ఉంది, చదువుతారేమోనని నాకు చెమటలు పట్టేశాయి. చూస్తున్నాను, చూస్తున్నాను, టక్కున పక్కన పెట్టేసి రెండో అంశం అన్నారు. ఆ క్షణం నా జన్మలో మర్చిపోను."

పక్కనున్న లాయరు ఆయన కోటు చెయ్యి లాగాడు. పొగాయన గమనించలేదు.

"చెమటలెందుకు పట్టాయి?" అంది మధ్యవర్తి.

"మరి తలుపు రాలేదు కదండీ, బయటికి పోదామంటే."

"సిగరెట్టుకా?"

"అబ్బే, సిగరెట్టు అప్పటికే మానేశానండీ. డాక్టరు ఒప్పుకోలేదు. ఖాళీ పెట్టె, ఊరికే..."

అక్కడ ఆగాడు. ఆగాల్సిన చోటు దాటి చాలా దూరం వచ్చేశాక ఆగాడు. మధ్యవర్తి ఆయన ప్రమాణపత్రం ముందుకు లాక్కుని, అలాంటి ప్రశ్న ఒకటి ఉంటుందని తెలియదన్న వాక్యం కింద, చెక్కిన పెన్సిలుతో మెల్లగా గీత గీసింది.

తీర్పు రెండు పేజీలు. ప్రశ్న ఏమిటో, ఎప్పుడు అడుగుతారో తెలిసి, దాన్ని తప్పించుకోవడానికే ముప్పైసార్లు లేచి వెళ్లినవాడు దాన్ని ముప్పైసార్లు విన్నట్టే లెక్క అన్నారు. పేటెంటు ఉంటే ఉండనీ, ఆ ప్రమాణం ప్రకారం మోడెం చేసుకునేవాళ్ల దగ్గర ఏమీ అడగకూడదు అన్నారు. బావ వర్క్‌షాపు నిలబడింది. అలాంటి వర్క్‌షాపులు ఇంకో నలభై నిలబడ్డాయి. పొగాయన గుమ్మం దగ్గర నాకు నమస్కారం పెట్టి, చప్పుడు కాకుండా తలుపేసి వెళ్లాడు. అంత కోపంలోనూ ఆ మనిషి మీద జాలేసింది నాకు.

నన్ను తీసేశారు. తీసేయరా మరి! మర్యాదగా రాజీనామా ఇమ్మన్నారు, ఇచ్చాను. ఇప్పుడు మా సంఘంలో ముందు తలుపేస్తారట, తర్వాత ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ఉందా లేదా అని నోటితో చెప్పించుకుంటారట. ఆ కాస్త బుద్ధి ముందే ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు.

బావ మాత్రం ఊరంతా వేరే కథ చెప్పుకున్నాడు. "మా మరదలు మామూలుది కాదు. నిజం చెప్పినట్టే చెప్పి వాడి చేత కక్కించింది. ముందే అంతా లెక్కేసుకుంది." మా లాయరు కూడా అదే నమ్మాడు. కనిపించినవాళ్లంతా భుజం తట్టారు. నేను కాదనేలోపే వెళ్లిపోయేవారు. అక్క మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. రెండు నెలలు ఫోను చేస్తే బావే ఎత్తాడు.

మూడో నెలలో బావ రమ్మన్నాడని వర్క్‌షాపుకి వెళ్లాను. అక్క పరీక్ష బల్ల దగ్గర కూర్చుని ఉంది, ఎదురుగా వరసగా పన్నెండు పెట్టెలు. కూర్చోమనలేదు. తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ రోజు ఒక వాక్యం తప్పు అన్నావే, అప్పుడు మనం గెలుస్తామని నీకు తెలుసా?"

బావ బల్ల అవతలినుంచి నా వైపు కళ్లతో సైగ చేస్తున్నాడు, అవునను, అవునను అని. అక్క కూడా అదే వినాలనుకుంటోందని నాకు తెలుసు. రెండు నెలలుగా ఆ ఒక్క మాట కోసమే చూస్తోంది. ఊ అంటే మళ్లీ అక్కాచెల్లెళ్లం.

"తెలియదక్కా," అన్నాను. "ఓడిపోతామనే అనుకున్నాను."

బావ తల పట్టుకున్నాడు. అక్క ఒక పెట్టె వెనక వైరు తీసి, మళ్లీ పెట్టింది.

"తెలుసని చెప్పుంటే నమ్మేదాన్ని," అంది. కళ్లు తుడుచుకుంది. "హాయిగా నమ్మేదాన్నే."

"నమ్మేదానివని తెలుసక్కా."

అక్క సొరుగు లాగి కొత్త రిజిస్టరొకటి తీసి నా ముందు పడేసింది. కాలితో ఒక స్టూలు ఇటు తోసింది.

"కూర్చో. ఏ పెట్టె కుదిరిందో, ఏది కుదరలేదో నేను చెబుతాను, నువ్వు రాయి. నేను చెప్పిందే రాయాలి. నిన్నటి పేజీ చూసి దించావంటే వేళ్లు విరగ్గొడతాను."

రిసీవరు చెవికి పెట్టుకుని, తల వాల్చి కళ్లు మూసుకుంది. రెండు పెట్టెలూ ఈల వేసుకోవడం మొదలుపెట్టాయి. నేను తేదీ వేసి, మొదటి పెట్టె అని రాసి, అక్క నోరు విప్పేదాకా కలం ఎత్తి పట్టుకున్నాను.